అటక మీది యాంటెనా

పోయిన నెలలో మా హాల్లోని టీవీ ఆగిపోయింది. పొద్దున సగం తెర నల్లబడింది, సాయంత్రానికి మిగతా సగం కూడా నల్లబడింది. పాతబడిన వస్తువు, పైగా టీవీలు బాగుచేసే మనిషి షికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్‌లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఇప్పుడు లేడు కనుక, కొత్తది కొందామని దుకాణానికి వెళ్లాను. గోడ పొడుగునా వెలుగుతున్న తెరల ముందు నిలబడి, సహాయానికి వచ్చిన అమ్మాయిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. యాంటెనా తీగ దీనికి నేరుగా తగిలించుకోవచ్చా, డిజిటల్ రిసెప్షన్ ఇందులోనే ఉందా అని. నాకు నచ్చిన టీవీ వెనకవైపు ఆమె వంగి చూసి, లేదని చెప్పింది. అది తెర మాత్రమేనని, గాలిలో వచ్చే చానళ్లను పట్టుకునే ట్యూనర్ అందులో పెట్టలేదని, ఇప్పుడు అందరూ ఇంటర్నెట్‌లోనే చూస్తారు కనుక ఎవరూ అడగడం లేదని మర్యాదగానే వివరించింది. ట్యూనర్ ఉన్నది పక్కనే ఇంకొకటి ఉంది. కాస్త మందంగా, అంచులు మోటుగా ఉంది. రెండింటినీ చాలాసేపు చూసి, ఏదీ కొనకుండా ఇంటికి వచ్చేశాను.

టీవీ కొనడానికి ఇంత ఆలోచన ఎందుకని మీరు అనుకోవచ్చు. మా అమ్మాయి కూడా అదే అంది. ఆమె వేరే రాష్ట్రంలో, ప్లెయిన్స్‌బరోలో, మందుల కంపెనీలో పనిచేస్తుంది, రోజూ ఆఫీస్ నుంచి డ్రైవ్ చేస్తూ నాకు ఫోన్ చేస్తుంది.

“నాన్నా, నువ్వు టీవీ కోసం యాంటెనా ఉంచుతున్నావా, యాంటెనా కోసం టీవీ కొంటున్నావా?” అని నవ్వింది. “లిటరల్లీ ఎవ్వరూ వాడరు నాన్నా. నేను నీకు అన్నీ సెటప్ చేస్తా కదా.”

ఆమె సరదాకి అన్న మాటే అయినా నిజం అదే. నేను యాంటెనా కోసమే టీవీ వెతుకుతున్నాను. అదే వారంలో మా అటక మీద, అంటే ఇక్కడివాళ్లు ఆటిక్ అనే ఆ కప్పు కింది జాగాలో, చలి ఆపే దూదిలాంటి పాత పరుపును తీసేసి కొత్తది వేయడానికి పనివాళ్లు రావలసి ఉంది. వాళ్ల మేస్త్రీ ముందుగా పైకెక్కి చూసి, దూలానికి కట్టి ఉన్న యాంటెనా పనిచేస్తోందా, లేకపోతే పాత పరుపుతో పాటు తీసి పారేయమంటారా అని అడిగాడు. ఫోన్ చేసి చెబుతానని అతన్ని పంపేశాను. మా ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. ఆమె బట్టలు ఇచ్చేశాం, మందులు పారేశాం, ఆమె కారు అమ్మేశాం. ఆ యాంటెనా మాత్రం ఆమె ఎటు తిప్పమంటే అటు తిరిగి, ఆమె ఆగమన్న చోట ఆగి, ఇన్నేళ్లుగా అలాగే ఉంది. ట్యూనర్ లేని టీవీ కొంటే దాన్ని ఉంచడానికి ఏ కారణమూ మిగలదు.

నా వయసువాళ్లకి యాంటెనా సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తెనాలిలో మా ఇంటికి టీవీ వచ్చిన కొత్తలో, డాబా మీద కడ్డీ పట్టుకుని ఒకరు, మెట్ల మీద ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడేవాళ్లం. పైవాడు వచ్చిందా అని అరిస్తే మెట్ల మీదివాడు ఆ కేకను లోపలికి చేర్చేవాడు, లోపలివాడు చెప్పింది పైకి చేర్చేవాడు. ఆదివారం పొద్దున వీధి మొత్తం మీద ఇదే సంభాషణ నడిచేది. కాకి వచ్చి వాలితే కడ్డీ తిరిగిపోయేది, గాలివాన వస్తే పని మళ్లీ మొదటికి వచ్చేది. ఆ రోజుల బొమ్మలో ఒక మంచి గుణం ఉంది. అది మెల్లగా వచ్చేది. మొదట తెరంతా చుక్కలు, తర్వాత చుక్కల్లో ఒక నీడ, తర్వాత ఆ నీడకి ముక్కూ మొహమూ. దగ్గరికి వస్తున్నామో దూరం పోతున్నామో తెలుస్తూ ఉండేది కనుక చేయి ఆపకుండా తిప్పుతూనే ఉండేవాళ్లం. మా ఇంట్లో డాబా మీది పని నాది. హనుమకొండలో మా ఆవిడ వాళ్లింట్లో, ఆడపిల్లను డాబా మీదికి ఎక్కనివ్వరు కనుక, టీవీ ముందు నిలబడి చెప్పే పని ఆమెది. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి మాటల్లో బయటపడి, మన ఇద్దరికీ కలిపి ఒక టీవీకి సరిపడా అనుభవం ఉందని నవ్వుకున్నాం.

ఈ దేశంలో మా మొదటి టీవీ మేము కొన్నది కాదు. అప్పట్లో ఇండియాకి తిరిగి వెళ్లిపోయే కుటుంబాలు సామాను తెలిసినవాళ్లకి వదిలి వెళ్లేవి. అలా సగం బస్తా బియ్యంతోనూ, దోసెల పెనంతోనూ కలిసి ఆ టీవీ మా ఇంటికి వచ్చింది. ముందు భాగం గాజు, వెనక పెద్ద మూపురం, ఇద్దరు మనుషులు పడితే గాని లేవని బరువు. మాకంటే ముందు ఎన్ని తెలుగు ఇళ్లు చూసిందో గాని, వెనక జల్లెడలో ఎప్పటివో పోపు వాసనలు ఉండేవి. దాని మీద పెట్టిన రెండు చువ్వల యాంటెనాతో నాలుగైదు చానళ్లు చుక్కల మధ్య కనిపించేవి, మాకు చాలేవి.

తర్వాత మేము ఈ ఇల్లు కొనుక్కున్నాక, పాత పద్ధతి ప్రసారాలు ఆపేసి దేశమంతా డిజిటల్‌కి మారుస్తున్నారన్న ప్రకటనలు మొదలయ్యాయి. పాత టీవీ ఉన్నవాళ్లు దానికి కొత్త సిగ్నల్‌ని మార్చి ఇచ్చే ఒక డబ్బా తగిలించుకోవాలి, లేదా లోపలే డిజిటల్ రిసెప్షన్ ఉన్న కొత్త టీవీ కొనుక్కోవాలి. డబ్బాకి ప్రభుత్వం కూపన్ ఇచ్చేది. ఆ చలికాలమంతా నేను ఈ రెండింటినీ తూచుకుంటూ గడిపాను. లైబ్రరీకి వెళ్లి పత్రికలు తిరగేసి, అంకెలతో బొమ్మ ఎలా పంపుతారో, గాలిలో ఎలా వస్తుందో చదివి, చదివింది భోజనాల దగ్గర చెప్పేవాణ్ణి. నాకు అది నిజంగా గొప్పగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. షికాగో నడిబొడ్డున ఎత్తయిన భవనాల మీద నుంచి ఎవరో పంపిన బొమ్మ, ఇన్ని మైళ్లు దాటి, చెట్లూ గోడలూ దాటి, ఒక తీగ ముక్క పైకెత్తిన ఎవరింటికైనా వస్తుంది. పేరు అడగదు, పాస్‌వర్డ్ అడగదు.

మా ఆవిడ అంతా విని, కొత్త టీవీయే కొందామంది. ఆమె కారణం పత్రికల్లో లేదు. వేసవికి వాళ్ల నాన్నగారు ఆర్నెల్లు ఉండడానికి వస్తున్నారు. “డబ్బా అంటే రెండు రిమోట్లు. రెండు రిమోట్లతోని బాపు ఏగుతడా?” అంది. మా ఆఫీస్‌లో అప్పుడు రోజులు బాగాలేవు, తెల్లారితే ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందో తెలియదు, గ్రీన్‌కార్డ్ ఇంకా చేతికి రాలేదు. నేను డబ్బాయే కొన్నాను. 

మామగారు బస్ డిపోలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. వానొస్తే ఏ రూట్ బస్సు ఎంత ఆలస్యమవుతుందో లెక్కవేస్తూ జీవితం గడిపినందువల్ల, ఏ దేశంలో ఉన్నా సాయంత్రం వాతావరణం వార్తలు చూడనిదే ఆయనకి అన్నం సయించేది కాదు. ఇంగ్లీష్ వేగంగా మాట్లాడితే అందదు గాని, మ్యాప్ మీద మబ్బులు ఎటు కదులుతున్నాయో చూసి రేపటి సంగతి మా అందరికంటే ముందే చెప్పేవారు. ఒక చానల్‌లో నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి వాతావరణం చెప్పేవాడు, ఆయనంటే మామగారికి గురి. పాత ప్రసారాలు ఆగిపోయాక ఆ చానల్ ఒక్కటే మా డబ్బాకి అందలేదు. రెండు చేతుల్లో రెండు రిమోట్లు పట్టుకుని, ఏది నొక్కాలో తేల్చుకోలేక, మా అమ్మాయి స్కూల్ నుంచి వచ్చేదాకా ఆయన అలాగే కూర్చుని ఉండేవారు. నాకు చాలా ఇబ్బందిగా ఉండేది.

అందుకని పెద్ద యాంటెనా ఒకటి తెచ్చి, ఒక శనివారం పొద్దున అటకెక్కాను. మామగారు అటక నిచ్చెన కింద నిలబడ్డారు. మా ఆవిడ హాల్లో టీవీ ముందు నిలబడింది. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ముగ్గురం డాబా, మెట్లు, టీవీ అన్న పాత వరసలోకి వచ్చేశాం. నేను తిప్పడం మొదలుపెట్టి వచ్చిందా అని కేకేశాను. “వచ్చిందా బిడ్డా?” అని మామగారు లోపలికి అందించారు. “రాలే!” అని ఆమె. ఇలా ఎంతసేపో సాగింది. ఒకసారి “వచ్చింది అల్లుడూ!” అన్న కేక నా దాకా వచ్చి, నేను చేయి ఆపేసరికి, లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. “వచ్చింది, మల్ల పోయింది. మీరే పోగొట్టిండ్రు!”

వెనక్కి తిప్పితే రాలేదు. ముందుకి తిప్పితే రాలేదు. ఆ పరుపు నూగు మెడలో పడి దురద. డబ్బాయే చెడిపోయిందని నేను పైనుంచి తీర్మానించాను. కింద మామగారు వెళ్లి, హనుమకొండలో వాళ్ల పాత టీవీని కొట్టినట్టే దాని నెత్తి మీద ఒక్కటి ఇచ్చారు. మధ్యాహ్నం కావస్తున్నా బొమ్మ లేదు.

అప్పుడు మా ఆవిడ నిచ్చెన దగ్గరికి వచ్చి పైకి చూసింది. “ఇగ మీరు అడుగుడు బందు చేయుండ్రి. జరంత తిప్పి ఆగాలె. నేను చెప్తేనే మల్ల తిప్పాలె. బాపూ, నువ్వు నడుమ ఏం చెప్పకు, వచ్చి కూసో.”

ఆమె కనిపెట్టింది చిన్న సంగతే. డిజిటల్ బొమ్మ మెల్లగా రాదు. యాంటెనా సరైన దిక్కుకి వచ్చాక కూడా డబ్బా కాసేపు తనలో తాను కూడబలుక్కుని, అప్పుడు మొత్తం బొమ్మను ఒక్కసారిగా తెర మీద పెడుతుంది. ఈలోగా చేయి కదిలితే అంతా పోతుంది. నీడ కనిపిస్తుంది, చుక్కలు తగ్గుతాయి అని ఎదురుచూసే మా తరానికి, నల్లటి తెర ముందు ఊరికే ఆగడం చేతకాదు. చదివిన పత్రికల్లో బహుశా ఆ ముక్క ఉండే ఉంటుంది, నా కంటపడలేదు. ఆమె నల్లటి తెరను పొద్దుటి నుంచి ఓపిగ్గా చూస్తూ నిలబడింది కనుక ఆమెకి తెలిసింది. తర్వాత ఆమె ఆస్పత్రి ల్యాబ్‌లో స్లైడులు చూసే ఉద్యోగంలో చేరి, ఇరవై మంది చూడనిది చూస్తుందని పేరు తెచ్చుకుంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఆ తర్వాత అటక మీద నిశ్శబ్దం. నేను కొంచెం తిప్పి ఆగేవాణ్ణి. కింద నుంచి ఏమీ వినిపించేది కాదు. చాలాసేపటికి, తిప్పుండ్రి అనేది. మళ్లీ తిప్పి ఆగేవాణ్ణి. కప్పు మేకుల మీద ఎండ వేడి, దూరంగా ఎవరో గడ్డి కోస్తున్న చప్పుడు, ఆమె గొంతు కోసం నా ఎదురుచూపు. చివరికి, అరుపు కాదు, మామూలుగా పక్కనున్న మనిషితో అన్నట్టు, “వచ్చింది” అంది. ప్లాస్టిక్ పట్టీలతో యాంటెనాను అక్కడే దూలానికి బిగించి కిందికి దిగాను. మామగారి పెద్దమనిషి మ్యాప్ ముందు నిలబడి ఉన్నాడు. ఒక్క చుక్క లేదు. “మొఖం మీది మచ్చ గూడ కనవడుతున్నది,” అని మామగారు కుర్చీ ఇంకా ముందుకి జరుపుకున్నారు.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో చాలా పనులు ఆ పద్ధతిలోనే జరిగాయి. గోడకి పటం తగిలించినా, గ్యారేజ్‌లోకి కారు వెనక్కి తీసినా, ఆమె చూసి చెప్పేది, నేను కదిలేవాణ్ణి. అడగడం మానేశాను. అడిగితే ఆమె చూపు చెదురుతుందని నాకు అర్థమైంది.

మామగారు రెండోసారి వచ్చేనాటికి మా పరిస్థితి కుదుటపడింది. లోపలే డిజిటల్ రిసెప్షన్ ఉన్న టీవీ కొన్నాం. తీగ బిగించి మీట నొక్కితే చానళ్లన్నీ తనే వెతుక్కుని వరసగా పెట్టుకుంది. రిమోట్ ఒక్కటే. దాన్ని ఆమె వాళ్ల నాన్న చేతిలో పెట్టింది, ముందే చెప్పానుగా అని నా వైపు ఒక్క చూపు కూడా చూడలేదు. మొన్న ఆగిపోయింది ఆ టీవీయే. దాన్ని పొగడాలంటే నాకు చాలా ఉంది. ఒక వేసవిలో గాలివాన వచ్చి మా వీధికి ఇంటర్నెట్ లేకుండా పోయినప్పుడు, సుడిగాలి ఎటు వస్తోందో చూడడానికి చుట్టుపక్కలవాళ్లు మా హాల్లోకే వచ్చారు, మా ఆవిడ అందరికీ టీ పెట్టింది. మామగారు పోయాక ఆ సాయంత్రం వాతావరణం చూసే అలవాటు ఆమెకి వచ్చింది. ఆఖరి చలికాలం ఆమె మంచం హాల్లోనే వేశాం. కప్పు మీద మంచు పేరుకున్న రోజుల్లో బొమ్మ ముక్కలై ఆగిపోయేది. నేను నిచ్చెన దించడానికి లేచేవాణ్ణి. “ఆగుండ్రి జర, అదే వస్తది,” అనేది. వచ్చేది.

అందుకే దుకాణంలో అంతసేపు నిలబడ్డాను. ఆ పలచటి తెరను నేను తప్పుపట్టడం లేదు, అందులో బొమ్మ నిజంగా బాగుంది. రెండు రోజులు ఆలోచించి, మళ్లీ వెళ్లి మోటు అంచుల టీవీయే తెచ్చుకున్నాను. మేస్త్రీకి ఫోన్ చేసి యాంటెనా ఉంచమని చెప్పాను. అతను మాట నిలబెట్టుకున్నాడు. అయితే కింద పరుపు వేయడానికి అడ్డమొచ్చిందని పనివాళ్లు పాత పట్టీలు కోసి, యాంటెనాను పక్కన పెట్టి, పని అయ్యాక మళ్లీ దూలానికి కొత్త పట్టీలతో బిగించి వెళ్లారు. వాళ్ల దృష్టిలో అది ఉన్నచోటే ఉంది. కొత్త టీవీకి తీగ తగిలించి మీట నొక్కితే చానళ్లు చాలానే వచ్చాయి. మామగారి చానల్ రాలేదు. ఆమె ఆపిన దిక్కు పోయింది.

రెండు వారాలు అలాగే వదిలేశాను. పైన తిప్పడానికి ఒకరు, కింద చూసి చెప్పడానికి ఒకరు కావాలి, ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. తర్వాత లాంగ్ వీకెండ్‌కి మా అమ్మాయి వచ్చింది. నేను నిచ్చెన దించుతుంటే చూసి, నీ మోకాలితో నువ్వు ఎక్కడానికి వీల్లేదని చెప్పి, జుట్టు పైకి కట్టుకుని తనే ఎక్కింది. యాంటెనా వద్దన్న మనిషి. నేను హాల్లోకి వచ్చి టీవీ ముందు నిలబడ్డాను. ఇన్నేళ్లలో ఆ చోట నిలబడడం నాకు అదే మొదటిసారి.

“వచ్చిందా నాన్నా?” అని పైనుంచి కేక. పుట్టి పెరిగింది ఇక్కడే, ఆ డాబాలూ మెట్లూ ఎరగదు. అయినా అదే ప్రశ్న.

“అడగకమ్మా. కొంచెం తిప్పి ఆగు. నేను చెప్తేనే మళ్లీ తిప్పు.”

“ఓకే బాస్. కానీ త్వరగా చెప్పు, ఇక్కడంతా ఇచ్చీగా ఉంది, మెడంతా దురద!”

నల్లటి తెరను చూస్తూ నిలబడడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. పైన ఉన్నవాళ్లకి చేతిలో పని ఉంటుంది. కింద ఉన్నవాళ్లకి కళ్లు తప్ప ఏమీ ఉండదు. తిప్పమని తొందరపడితే రాబోయే బొమ్మ పోతుంది. ఊరికే ఆగితే పైనున్న మనిషి విసుక్కుంటుంది. ఎంతసేపు చూడాలో ఎవరూ చెప్పరు. మా ఆవిడ ఆ శనివారం అంత నెమ్మదిగా, విసుక్కోకుండా ఎలా చెప్పగలిగిందా అనుకున్నాను. తిప్పు అన్నాను. ఆగాను. తిప్పు అన్నాను. ఆగాను.

ఇప్పుడు బొమ్మ రావడానికి ఇద్దరు మనుషులు అక్కర్లేదు. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి తెర మీద వాళ్లు, కావలసింది కావలసినప్పుడు చూసుకోవచ్చు, అది సౌకర్యమేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఒకరు పైన కనబడకుండా పట్టుకుని ఉంటే, ఇంకొకరు కింద చూసి చెప్పడం అనే పని మన ఇళ్లలోంచి వెళ్లిపోయింది. మనం దాన్ని ఒక పనిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు కనుక పోయినట్టు కూడా ఎవరికీ తెలియలేదు.

తెర వెలిగింది. మ్యాప్, మబ్బులు, ముందు నిలబడిన మనిషి. ఆ పెద్దమనిషి కాడు, ఆయన ఎప్పుడో మానేశాడు, ఇప్పుడు ఒక చిన్న వయసు ఆవిడ చెబుతోంది. ఒక్క చుక్క లేదు. వచ్చింది అని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేదు. చెబితే పైన మా అమ్మాయి పట్టీ బిగించి దిగి వచ్చేస్తుంది, పని అయిపోతుంది. ఇంకొక్క క్షణం ఆమె అక్కడ పట్టుకుని, నేను ఇక్కడ చూస్తూ ఉంటే బాగుంటుందనిపించింది. ఆ శనివారం కింద నుంచి మా ఆవిడ మాట రావడానికి ఒక్కోసారి అంతసేపు ఎందుకు పట్టిందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. డబ్బాయే ఆలస్యం చేస్తోందనుకున్నాను.

“నాన్నా? ఉన్నావా?”

“ఉన్నానమ్మా,” అన్నాను. “వచ్చింది.”